కేసు షీటులో రెండు మాటలు

పిల్లల వార్డులో కేసు షీట్లు మంచం కాళ్ల వైపు ఇనుప కమ్మీకి వేలాడుతుంటాయి. చదవవద్దని ఎవరూ చెప్పరు. చదవగలిగినవాళ్లు అక్కడ కూర్చుని ఉంటారని ఎవరూ అనుకోరు. మా వాడిది చదివాను. మరునాడు ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూస్తూ, ఏమీ తోచక, అదే మంచంలో రెండో సగం పంచుకున్న పసివాడిది కూడా చదివాను. ఇంగ్లీషులో, తొందరగా గీకిన అక్షరాల్లో ఉంది: సమాచారం ఇచ్చినది తల్లి, నమ్మదగిన సమాచారం కాదు.

ఐదో రోజు తెల్లవారాక అదే షీటు అడుగున ఇంకొకరి చేతిరాత చేరింది: తల్లి బిడ్డతో సహా పరారీ.

బిడ్డ గురించి చాలానే రాశారు. బరువు, నిమిషానికి ఎన్ని ఊపిర్లు, ఎక్స్‌రేలో ఏం కనిపించింది, ఏ మందు ఎంత మోతాదు, అన్నీ ఉన్నాయి. తల్లి గురించి మాత్రం ఈ రెండే మాటలు. రెండూ తప్పు. ఆ ఐదు రోజులూ ఆమె పక్కన మూరెడు దూరంలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఏ ఆసుపత్రి అని అడగకండి. పేరు చెబితే చదివేవాళ్లంతా "ఓహో, అక్కడా, అక్కడ అంతే" అని ఊరుకుంటారు. ఉత్తర తెలంగాణలో ఏదో ఒక పెద్దాసుపత్రి అనుకోండి. మాది హనుమకొండ. నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్లు తాడ్వాయి అడవుల వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేశాను. అప్పుడు పిల్లల దగ్గర నేర్చుకున్న కోయ మాటలు ఇరవైకి మించవు. రెండేళ్ల కిందట, సెప్టెంబరు చివర, మా నాలుగేళ్ల వాడికి డెంగీ వచ్చి ఆ వార్డులో చేరాం. జ్వరాల కాలం, మంచానికి ఇద్దరు పిల్లలు. ఆమె, అంటే ఆ పక్క పసివాడి తల్లి, గుత్తికోయ ఆదివాసీ. ఏటూరునాగారం దాటి, రోడ్డు వదిలి లోపలికి నడవాల్సిన గూడెం నుంచి వచ్చింది. ఆరు నెలల బిడ్డకు న్యుమోనియా.

మొదటి మాట సంగతి ముందు చెప్పాలి. చేర్చుకునేటప్పుడు కుర్ర డాక్టరు "జ్వరం ఎన్ని రోజుల నుంచి?" అని అడిగితే ఆమె నాలుగు వేళ్లు చూపించింది. మరునాడు రౌండుకు వచ్చిన పెద్ద డాక్టరు "పిల్లవాడికి ఎప్పటి నుంచి బాగోలేదు?" అన్నారు. "సంత మరునాటి నుంచి" అంది. చేర్చిన రోజుకు లెక్క వేస్తే ఆరు రోజులయింది. "చూశారా, మాట మారుస్తారు" అని ఆయన వెంట ఉన్న విద్యార్థులతో అన్నారు. ఆమె మాట మారలేదు, అడిగిన ప్రశ్న మారింది. సంత మరునాడు బిడ్డ పాలు తాగడం తగ్గించాడు. జ్వరం మొదలైంది ఇంకో రెండు రోజులకు. ఆమె దగ్గర రెండు తేదీలున్నాయి, ఏ ప్రశ్నకు ఏది చెప్పాలో కూడా ఆమెకు తెలుసు. నా కొడుకు జ్వరం సోమవారం మొదలైందా మంగళవారమా అని నన్ను అడిగితే నేను తడబడ్డాను. నా కేసు షీటులో మాత్రం "నమ్మదగిన సమాచారం" అనే రాశారు. చీర ఇస్త్రీ చేసి ఉంది కదా.

"వయసెంత?" అంటే "ఇప్పపువ్వు రాలేటప్పుడు పుట్టాడు" అంది. ఒక విద్యార్థి నవ్వాడు. ఇప్పపువ్వు మార్చి ఏప్రిల్ నెలల్లో రాలుతుంది. అక్కడి నుంచి సెప్టెంబరు చివరికి ఆరు నెలలు. ఇంతకన్నా ఖచ్చితంగా చెప్పాలంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్టే కావాలి. మా అమ్మమ్మ కూడా "ఎంగిలిపూల బతుకమ్మ నాడు పుట్టింది మీ అమ్మ" అనే చెప్పేది. ఆమెను ఎవరూ నమ్మదగనిది అనలేదు.

అసలు విషయం ఇంకొకటుంది. ఆమె రెండు చేతులూ తన పక్కటెముకల మీద పెట్టుకుని లోపలికి నొక్కి చూపించింది. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా అక్కడ గుంట పడుతోందని చెబుతోంది. మనం దాన్ని "డొక్కలు ఎగరేయడం" అంటాం. పసిపిల్లల్లో న్యుమోనియాను గుర్తించడానికి ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే గుర్తుల్లో అది ముఖ్యమైనది. రోగాన్ని కళ్లతో పట్టుకున్న తల్లిని పట్టుకుని నమ్మదగనిది అన్నారు.

భాష రాకపోతే డాక్టర్లు ఏం చేస్తారు అంటారా? నేనూ అదే అనుకున్నాను. కానీ కోయ, గోండి మనకు పరాయి భాషలు కావు, తెలుగుకు దగ్గరి చుట్టాలు. నీళ్లను కోయలో "ఏరు" అంటారు. ఆమె సీసా పట్టుకుని ఏరు ఏరు అంటుంటే ఆయమ్మ "ఇక్కడ ఏరెక్కడిది తల్లీ, గోదారి తెప్పించమంటావా" అంది. వార్డంతా నవ్వింది, నేను కూడా. నీళ్లను మనం నీళ్లంటాం, పారే నీళ్లను ఏరంటాం, ఆమె అన్నిటినీ ఏరంటుంది. తేడా అంతే. అలాగే నెత్తురు. గోండిలోనూ, కొలాముల భాష కొలామిలోనూ కాస్త అటూ ఇటూగా అదే మాట ఉంది. వార్డులో ఎవరూ ఆ మాట వాడరు. "బ్లడ్ తీయాలి" అంటారు, మరీ మర్యాదస్తులైతే "రక్తం" అంటారు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి బిడ్డ చేతికి సూది గుచ్చి చిన్న గొట్టాల్లో నింపుకుని పోతున్నారు. మూడో రోజు నేను "నెత్తురు పరీక్ష చేస్తారు, జబ్బు తగ్గిందో లేదో చూడటానికి" అన్నాను. నెత్తురు అన్న మాట వినగానే ఆమె నా వైపు తిరిగింది. "వీడికే తక్కువ ఉంది. ఇంకా ఎందుకు తీస్తారు?" అంది. అది అజ్ఞానం కాదు. బిడ్డకు నెత్తురు తక్కువగా ఉందని చేరిన రోజే చెప్పి, తరువాత రోజూ తీసుకుపోతే నాకూ అదే సందేహం రావాలి. నేను అడగలేదు, ఎందుకంటే చదువుకున్నదాన్ని.

నల్లదారం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. బిడ్డ కుడి మణికట్టుకు నల్లదారం, దానికి చిన్న వేరు ముక్క కట్టి ఉంది. సెలైను సూది పెట్టడానికి అడ్డమని నర్సు కత్తెరతో తెంపి, దూది, బ్యాండేజీలతో పాటు పసుపు బకెట్లో పడేసింది. ఆమె బకెట్ వైపు చెయ్యి చాచింది. "అందులో చెయ్యి పెట్టకు, ఇన్ఫెక్షన్" అని కసిరింది. నిజమే, ఆ బకెట్లో చెయ్యి పెట్టకూడదు. కానీ గంట తరువాత అదే నర్సు మా వాడి దగ్గరికి వచ్చింది. మా వాడి చేతికి భద్రకాళి గుడిలో కట్టించిన ఎర్రదారం ఉంది. "మేడమ్, ఇది రెండో చేతికి మార్చమంటారా? తీయడం ఎందుకు, అమ్మవారిది" అంది. చేతి దారాన్ని జాగ్రత్తగా ముడి విప్పి ఎడమ చేతికి కట్టింది. ఇద్దరు పిల్లలు, ఒకే మంచం, ఒకే నర్సు. ఆమె చెడ్డ మనిషి కాదు. మా వాడికి రాత్రి రెండు గంటలకు జ్వరం పెరిగితే తానే తడిగుడ్డ వేసింది. ఒక దారం ఆమెకు దేవుడు, ఇంకోటి మురికి. తేడా చేస్తున్నానని ఆమెకే తెలియదు. నాకు తెలిసింది. నేను నోరు తెరవలేదు. ఇంకా దాచడం ఎందుకు, మొదటి రోజు రాత్రి నేనే వెళ్లి "పొగ వాసన వస్తోంది, వేరే మంచం ఉంటే చూడండి" అని అడిగాను. ఇంటికి ఫోను చేసి "పాపం, అవగాహన లేదు వీళ్లకు" అన్నాను కూడా.

"అవగాహన లేదు" అనే మాట మన ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో, మా పాఠశాలల్లో కూడా బాగా చెలామణి అవుతుంది. ఎవరికి, దేని గురించి అన్నది ఎవరూ అడగరు. ఆ గూడెం గురించి డాక్టరుకు ఎంత అవగాహన ఉందో ఏ కేసు షీటులోనూ రాయరు.

బిడ్డ తండ్రి ఐదు రాత్రులూ గేటు బయట వేపచెట్టు కింద పడుకున్నాడు. రోగికి ఒకరికే పాసు అన్నది నియమం. మా ఆయన గేటు కాపలా అతనితో రెండు మాటలు మాట్లాడి రోజుకు మూడు సార్లు లోపలికి వచ్చేవారు. గుత్తికోయలు చాలామంది ఛత్తీస్‌గఢ్ నుంచి, ముఖ్యంగా 2005లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సాయుధ దళాలను దింపిన సల్వాజుడుం మొదలైన తరువాత అక్కడి హింసకు తాళలేక ఇటు వచ్చినవాళ్లు. అక్కడ గిరిజనులు, నది దాటి ఇటు వస్తే ఆ గుర్తింపు లేదు. స్కానింగు రాసినప్పుడు కౌంటరులో కార్డు అడిగారు. ఆమె దగ్గర ఉన్నదాని మీద ఛత్తీస్‌గఢ్ చిరునామా ఉంది. "ఇది ఇక్కడ చెల్లదు" అన్నారు. ఆ చీటీ పట్టుకుని ఆమె మూడు కిటికీలు తిరిగింది. ఆ కిటికీల దగ్గర మాట్లాడగలిగినవాడు, కాస్త తెలుగు వచ్చినవాడు వేపచెట్టు కింద ఉన్నాడు.

ఈ "మాది కాదు" అన్న మాట పిల్లల ప్రాణం మీదికి ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే కెనడా దాకా వెళ్లాలి. అక్కడి క్రీ తెగకు చెందిన జోర్డాన్ రివర్ ఆండర్సన్ 1999లో సంక్లిష్టమైన జబ్బుతో పుట్టాడు. ఇంటి దగ్గరే చూసుకోవచ్చని డాక్టర్లు చెప్పాక కూడా ఆ ఖర్చు కేంద్ర ప్రభుత్వానిదా, రాష్ట్రానిదా అని ఆ రెండు ప్రభుత్వాలూ రెండేళ్లకు పైగా వాదించుకున్నారు. పిల్లవాడు ఒక్క రోజు కూడా సొంత ఇంట్లో గడపకుండా 2005లో, ఐదేళ్ల వయసులో, ఆసుపత్రిలోనే చనిపోయాడు. ముందు వైద్యం చేయండి, డబ్బు ఎవరిదన్నది తరువాత తేల్చుకోండి అన్న సూత్రానికి అతని పేరే పెట్టారు, 2007లో వాళ్ల పార్లమెంటు దిగువసభ దాన్ని ఆమోదించింది. మన దగ్గర గోదావరికి అటూ ఇటూ ఇదే వాదన నడుస్తోంది, పేరు మాత్రం ఎవరిదీ పెట్టలేదు.

నాలుగో రోజు రాత్రి ఎదురు మంచం మీది బిడ్డ చనిపోయాడు. జనగామ వైపు వాళ్లు. ఆ తల్లి ఒక్కసారి గుండెలు పగిలేలా అరిచింది. "మిగతా పిల్లలు భయపడతారమ్మా" అని ఆమెను బయటికి తీసుకుపోయారు. పది నిమిషాల్లో దుప్పటి మార్చారు. గంటలో ఇంకో బిడ్డను పడుకోబెట్టారు. ఆ రాత్రి వార్డులో నలభై మందికి పైగా పిల్లలు, ఇద్దరు నర్సులు. ఇంతకన్నా ఏం చేయగలరో నాకూ తెలియదు. నా పక్కనున్న ఆమె గోడ వైపు తిరిగి, బిడ్డను చీర చెంగుతో ఛాతీకి కట్టుకుని కూర్చుంది. నర్సు వచ్చి "మంచం మీద పడుకోబెట్టు, ఎప్పుడు చూసినా ఎత్తుకునే ఉంటావు" అంది. కింది అంతస్తులో పసికందుల విభాగం గోడ మీద తల్లి ఛాతీకి బిడ్డను కట్టుకున్న బొమ్మ ఉంది, కంగారూ సంరక్షణ అని. తక్కువ బరువుతో పుట్టినవాళ్ల కోసం చెప్పిందది, ఆరు నెలల వాడికి వర్తించదు, తెలుసు. అయినా 1978లో కొలంబియా డాక్టర్లు మొదలుపెడితే శాస్త్రం అయింది, ఈమె చేస్తే మొండితనం అయింది.

తెల్లవారేసరికి మంచం సగం ఖాళీ. సెలైను గొట్టం ముడివేసి స్టాండుకు జాగ్రత్తగా తగిలించి ఉంది. ఆసుపత్రి దుప్పటి మడత పెట్టి ఉంది.

పారిపోయేవాళ్లు దుప్పటి మడత పెడతారా?

ఆరు నెలల తరువాత అసలు సంగతి తెలిసింది. ఆశ్రమ పాఠశాలలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇప్పుడు అటువైపే ఆశా కార్యకర్త. ఏదో సర్టిఫికెట్టు పనిమీద ఫోను చేస్తే మాటల్లో అడిగాను. "ఆ గూడెం నాకు తెలుసు టీచర్, కనుక్కుంటాను" అంది. వారం తరువాత చెప్పింది. ఆ భార్యాభర్తలు మొదటి బస్సుకు బయల్దేరి నేరుగా తమ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లారట. అక్కడి ఏఎన్ఎం కోయ అమ్మాయి. సూది పెట్టిన చేతిని చూపించి, చీటీలన్నీ ఇచ్చి, "మిగిలిన సూదులు నువ్వు వెయ్యి" అన్నారట. డాక్టరు చీటీలు చూసి మూడు రోజులు ఇంజెక్షన్లు వేయించి, తరువాత సిరప్ ఇచ్చి పంపారు. పిల్లవాడు బాగున్నాడు.

"మరి అక్కడి నుంచి ఎందుకు వచ్చేసిందట?" అన్నాను.

"ఆ రాత్రి బిడ్డ పోయిన తల్లిని ఏడవనివ్వలేదట కదా టీచర్. నా బిడ్డకు ఏమైనా అయితే నన్నూ ఏడవనివ్వరు, వాళ్ల నాన్నకు చూపించరు అని భయపడిందట."

ఆమె వైద్యం నుంచి పారిపోలేదు. ఒక చోట దొరకనిదాన్ని ఇంకొక చోట వెతుక్కుంది. నేనైతే ఆ పనిని "ఆసుపత్రి మార్చాం" అంటాను, గొప్పగా చెప్పుకుంటాను కూడా.

ఇప్పుడు కొందరు అంటారు: పేదవాళ్లందరికీ ఇంతే, ఇందులో ఆదివాసీ అని ప్రత్యేకం ఏముంది? కొంత నిజం. కానీ ఆ వార్డులోనే ఉన్న వరంగల్ పేదరాలు నర్సుతో తెలుగులో గొడవ పెట్టుకోగలదు, ఫోను తీసి మరిదిని పిలిపించగలదు. కోయ తల్లి మౌనంగా ఉంటుంది, ఆ మౌనం కేసు షీటులోకి "నమ్మదగినది కాదు" అని ఎక్కుతుంది. ఇంకొందరు అంటారు: నాటువైద్యాన్ని వెనకేసుకొస్తున్నారా? లేదు. పసిపిల్లల కడుపు మీద వాతలు పెట్టడం నేను చూశాను, అది మానాల్సిందే. దారం వాత కాదు. ఏది హాని చేస్తుందో, ఏది తల్లికి ధైర్యం ఇస్తుందో వేరు చేసి చూడగలగడం కూడా వైద్యం చదివినవాళ్ల పనే.

న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు దీన్ని తలకిందులు చేసి చెప్పింది. రోగి సంస్కృతిని నర్సు చదువుకోవడం కాదు, తన చేతిలో ఎంత అధికారం ఉందో, తన మనసులో ఏమేం ఉన్నాయో నర్సు చూసుకోవాలి. సేవ భద్రంగా ఉందా లేదా అన్నది ఇచ్చేవాళ్లు కాదు, అందుకున్నవాళ్లు తేల్చాలి. దానికి సాంస్కృతిక భద్రత అని పేరు. 1992లో అక్కడి నర్సింగు కౌన్సిల్ దాన్ని నర్సుల చదువులో చేర్చింది. మన దగ్గర ఆదివాసీ సంస్కృతి అంటే ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, వేదిక మీద కొమ్ముకోయ నృత్యం. అది చూసి చప్పట్లు కొట్టిన చేతులే మరునాడు దారం తెంపుతాయి.

అంత దూరం ఎందుకు, కాళేశ్వరం దగ్గర వంతెన దాటితే సిరొంచ, అది గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గోండులనే అడిగి ఆసుపత్రి కట్టారు. గూడెంలా గుడిసెలు, వెంట వచ్చినవాళ్లు ఉండటానికి చోటు, పేరు దంతేశ్వరి అమ్మవారిది. ఆ జిల్లా పల్లెల్లో ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పసికందులను ఇళ్ల దగ్గరే చూసుకునేలా చేస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పల్లె ఆడవాళ్ల కంటి చూపును నమ్మి చేసిన పని అది.

నమ్మకం గురించి ఇంత పట్టుదలగా మాట్లాడటానికి ఇంకో కారణం సికిల్‌సెల్, నెత్తురులోని ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. మన కోయ, గోండు పిల్లల్లో కనిపించే ఈ జబ్బును నిర్మూలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న పథకం ప్రారంభించింది. పరీక్షలు చేయడం తేలిక. ఆ బిడ్డ నొప్పితో మెలికలు తిరిగినప్పుడల్లా, జీవితమంతా, ఆసుపత్రికి రావాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జబ్బు అని చెప్పడానికి బదులు "నీ నెత్తురులోనే ఉంది" అని ఒక్కసారి అంటే చాలు, ఆ తల్లి రెండోసారి రాదు. ఏ వాహనం పంపినా రాదు.

వార్డుకు కోయో గోండియో వచ్చిన మనిషి ఒక్కరుంటే చాలు, ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది. మనుషులు లేక కాదు. నా విద్యార్థినులే ముగ్గురు నర్సింగు చదివి హైదరాబాదులో కార్పొరేట్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. అక్కడ వాళ్లకు హిందీ వచ్చా, ఇంగ్లీషు వచ్చా అని అడిగారట. కోయ వచ్చా అని ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఆశా అమ్మాయి ఫోను చేశాక నేను మళ్లీ ఆ ఆసుపత్రికి వెళ్లాను. ఆ పరారీ అన్న మాట మార్పించాలని, అది నా పని కాకపోయినా. పెద్దాయన నవ్వి రికార్డుల గదికి పంపారు. అక్కడి గుమాస్తా మంచివాడు, టీ తెప్పించాడు. పాత షీటు తీయడం కుదరదని చెప్పి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. రోగి వార్డు విడిచిన కారణం అన్న గడిలో నొక్కితే ఐదు మాటలు కిందికి జారాయి: డిశ్చార్జి, వేరే ఆసుపత్రికి పంపడం, సొంత బాధ్యత మీద వెళ్లడం, పరారీ, మరణం.

"సొంత బాధ్యత పెట్టవచ్చు కదా" అన్నాను.

"దానికి సంతకం కావాలి మేడమ్. ఆమె సంతకం పెట్టలేదు."

"పెట్టమని ఎవరైనా అడిగారా?"

అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అడగలేదు అన్న దానికి ఇందులో గడి లేదు మేడమ్" అన్నాడు.